కదలడం వేరు, మెదలడం వేరు

ఆమె సంతాపసభలో వక్తలు చెప్పిన మాటల్లో నేను నిర్ధారించగలిగినవి చాలా తక్కువ. ఒకరు ఆమె బొగ్గుతో బ్యాటరీ కనిపెట్టిందన్నారు. కనిపెట్టలేదు. ఇంకొకరు విదేశీ విశ్వవిద్యాలయాలు ఆమెను పిలిచాయనీ, కామారెడ్డి మీది ప్రేమతో ఆమె వెళ్ళలేదనీ అన్నారు. ఎవరూ పిలవలేదు, పిలిచి ఉంటే ఆమె తప్పకుండా వెళ్ళేదని నా అంచనా. ఎదురుపడిన ప్రతివారికీ రెండు చేతులూ జోడించి నమస్కరించే వినయశీలి అని మూడో వక్త గద్గదస్వరంతో అన్నప్పుడు మాత్రం నాకు నవ్వు ఆగలేదు. పక్కన కూర్చున్నవారు చిరాకుగా నా వైపు చూశారు. ఆ నమస్కారం నమస్కారం కాదని తెలిసినవాణ్ణి ఆ గదిలో బహుశా నేనొక్కణ్ణే.

రెండువేల తొమ్మిదిలో నేను కామారెడ్డిలో ఒక డిగ్రీ కళాశాలకు భౌతికశాస్త్రం చెప్పడానికి వచ్చాను. ఆమె అప్పటికే అక్కడ రసాయనశాస్త్రం చెబుతోంది. మొదటి రోజు అధ్యాపకుల గదిలో కూర్చుని ఉండగా, నలభై దాటిన ఒక పొడుగాటి స్త్రీ, చీర కుచ్చిళ్ళ నిండా సుద్దపొడితో, రెండు అరచేతులూ ఛాతీ ముందు కలిపి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. పెద్దావిడ తానే ముందుగా నమస్కరిస్తున్నందుకు నొచ్చుకుని, నేను గబుక్కున లేచి ప్రతినమస్కారం చేశాను.

"దండం కాదు సార్. ఇది గ్రాఫైటు," అన్నదామె.

చేతులు కొంచెం తెరిచింది. నడుమ ఒక చిన్న సుద్దముక్క ఉంది.

"ఈ చెయ్యి ఒక పొర. ఆ చెయ్యి ఒక పొర. నడుమ ఇరికినోడు అయాను. వీడు గమ్మున పడుంటడా, తిరుగులాడుతడా? ఫిజిక్స్ సార్ కొత్తగ వచ్చిండంటె అడుగుదామని వచ్చిన."

"కొలవకుండా చెప్పలేం మేడం. నాకు తెలియదు," అన్నాను.

ఆమె ముఖం వికసించింది. "అమ్మయ్య! తెల్వదు అనెటోడు ఒకడు దొరికిండు ఈ కాలేజిల."

ఆ జోడించిన చేతులతోనే ఆమె వరండాలో నడిచేది, తరగతిలో నిలబడేది, బస్సు కోసం ఎదురుచూసేది. సుద్దముక్కను వేళ్ళతో కాక అరచేతులతో అటూ ఇటూ దొర్లిస్తూ ఆలోచించడం ఆమె అలవాటు. కొత్త విద్యార్థులు, బంట్రోతులు, ఫీజు కట్టడానికి వచ్చిన తండ్రులు అందరూ ఆమెకు తిరిగి నమస్కారం పెట్టేవారు. మొదట్లో సరిదిద్దేది, తరువాత విసిగి మానేసింది. వినయశీలి అన్న పేరు అలా వచ్చింది. వాస్తవానికి ఆమెలో వినయం ఉన్నట్టు నాకు ఆధారాలేమీ దొరకలేదు.

ఆమె పని గురించి కూడా కచ్చితంగా చెప్పాలి, ఎందుకంటే సభలో దాన్ని అందరూ తలా ఒక రకంగా వర్ణించారు. పెన్సిల్ ములికిలో ఉండే గ్రాఫైటు, కర్బనపు పలుచని పొరలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఉంటుంది. దాన్ని ఘాటైన ఆమ్లంలో, పర్మాంగనేటుతో ఉడికించి ఆక్సైడుగా మారిస్తే పొరల మధ్య ఎడం పెరుగుతుంది. పొరలకు రుణావేశం వస్తుంది. ఆ ఎడంలోకి ధనావేశం గల సేంద్రియ అయాన్లను పంపవచ్చు. ఆమె వాడినవి నడుమ ఒక నైట్రోజను, దానికి నాలుగు పక్కల హైడ్రోకార్బన్ చేతులు ఉన్న అయాన్లు. పొరల మధ్య చోటు దాదాపు ఆ అయాను మందం అంతే. అంత ఇరుకులో అది ఏం చేస్తుంది? కంటికి గాని, మామూలు సూక్ష్మదర్శినికి గాని అందని చోట జరిగే ఆ వ్యవహారం మీద ఆమె, ఉద్యోగం చేసుకుంటూనే, హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో డాక్టరేటుకు నమోదు చేసుకుంది.

పదార్థాన్ని మా కళాశాల ప్రయోగశాలలోనే తయారు చేసేది. ముదురు గోధుమరంగు బురదను కడిగి, తేర్చి, మళ్ళీ కడిగి, ఆ నీటిలో ఆమ్లం జాడ పోయిందని లిట్మస్ చెప్పినా నమ్మక ఇంకోసారి కడిగేది. కరెంటు పోతే స్వేదనజలం ఆగిపోయేది. అప్పుడు బీకరు మీద గాజుపలక మూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, దానికి కాపలా ఉన్నట్టు కూర్చునేది. ఆరిన పొడి నల్లగా ఉండేది. చిన్న గాజుగొట్టాల్లో బిగించి, తేమ తగలకుండా సిలికాజెల్ పొట్లంతో సహా సద్దిగిన్నె అడుగు డబ్బాలో పెట్టుకుని ఎల్లారెడ్డిలోని ఇంటికి తీసుకుపోయేది. వానకాలంలో మా ప్రయోగశాల గోడలు చెమ్మగిల్లేవి. ఆమె ఇంట్లో బియ్యం డ్రమ్ము పక్కన ఒక పొడి అలమార ఉండేది. నేనూ ఎల్లారెడ్డిలోనే అద్దెకు ఉండేవాణ్ణి కనుక మా ఇద్దరిదీ ఒకే బస్సు.

ఒకరోజు లింగంపేట దాటాక ఆమె డబ్బా తెరిచి గొట్టాలను వెలుతురులో చూస్తుంటే పక్క సీటులోని అవ్వ ఒకామె వంగి చూసింది.

"ఏంది బిడ్డా, పండ్లపొడా?"

"కాదవ్వా. బొగ్గు లాంటిది."

"గదే గద పండ్లపొడంటె. జరంత పెట్టు, పొద్దున తోముకోలే."

"ఇది తోముకుంటె పండ్లు ఊడుతయవ్వా."

"నాకు యాడున్నయి ఊడనీకి!" అని ఆ అవ్వ నోరు తెరిచి చూపింది. నల్లపొడి ఇవ్వనందుకు ఎల్లారెడ్డి దాకా మేడంతో మాట్లాడలేదు.

ఇలాంటి సంఘటనలు చెప్పేటప్పుడు ఆమె నవ్వేది కాదు. సాక్ష్యం ఇస్తున్నట్టు, ఎవరు ఏమన్నారో అదే మాటల్లో, అదే క్రమంలో చెప్పేది. ఫలితాలూ అలాగే చెప్పేది. నేను సందేహం వెలిబుచ్చితే "సార్, మీరు చెప్పుండ్రి" అని బహువచనంలోకి మారేది. నా సందేహంలో పస ఉందని తేలితే "తమ్మీ" అనేది. ఆ రెండు పిలుపుల మధ్య ఎటువైపు ఉన్నానో చూసుకుని నా వాదం బలాన్ని నేను అంచనా వేసుకునేవాణ్ణి. ఆమె తరచుగా అనే మాట ఒకటుంది: "కనవడకపోతె లేనట్టు గాదు. కావాలనుకుంటె ఉన్నట్టు గాదు."

ఆ మాట ఆమెకే పరీక్షగా వచ్చిన సందర్భం చెబుతాను.

అయాన్ల స్థితిని తెలుసుకోవడానికి ఆమె నమూనాలను విశ్వవిద్యాలయంలోని ఎన్‌ఎమ్‌ఆర్ యంత్రంలో పెట్టించేది. బలమైన అయస్కాంతక్షేత్రంలో హైడ్రోజన్ కేంద్రకాలు ఇచ్చే సంకేతాన్ని అది గీతగా చూపుతుంది. అణువు బిగుసుకుపోయి ఉంటే గీత దిబ్బలా వెడల్పుగా వస్తుంది. స్వేచ్ఛగా తిరిగితే సూదిలా సన్నబడుతుంది. ఒక రోజు ఆమె హైదరాబాదు నుంచి తెచ్చిన కాగితం మీద దిబ్బ ఉంది, దాని నెత్తి మీద ఒక సూది కూడా ఉంది.

"కదులుతున్నయి," అన్నదామె. గొంతు చాలా చిన్నగా ఉంది. "పొరల నడుమ, గంత ఇరుకుల, కదులుతున్నయి సార్."

నేను ఆ కాగితాన్ని చాలాసేపు చూశాను. నాకూ ఒళ్ళు జలదరించింది, కాదనను. కానీ జలదరింపు కొలత కాదు.

"మేడం, ఇది నీళ్ళు కావచ్చు కదా? పొరల మధ్య తేమ ఎంత ఆరబెట్టినా కొంత మిగులుతుంది. నీటిలోనూ హైడ్రోజనే ఉంది. సూది నీటిదై, దిబ్బ అయాన్లదై ఉంటే?"

"మీరు చెప్పుండ్రి సార్, ఎన్నిసార్లు ఆరవెట్టాలె?"

"ఆరబెడితే తేలదు. నీటిని తీయకుండానే దాని సంకేతాన్ని తీసేయాలి."

ఆమె చేతులు జోడించి సుద్దముక్కను దొర్లించసాగింది. సమాధానం ఆమెకూ తెలుసు: భారజలం. అందులో హైడ్రోజనుకు బదులు డ్యుటీరియం ఉంటుంది. యంత్రం ఆ చోట వెదికినప్పుడు అది పలకదు. నమూనాను భారజలపు ఆవిరిలో పదేపదే ఉంచితే పొరల్లోని మామూలు నీరు పోయి ఇది చేరుతుంది. పొరలకు అంటి ఉన్న హైడ్రాక్సిల్ హైడ్రోజన్లు కూడా మారిపోతాయి. ఆ తరువాత కూడా సూది నిలబడితే, అది అయాన్లదే.

సమస్య అంతా కాలంతో వచ్చింది. పొడిగింపులన్నీ అయిపోయాయి, నమోదు గడువు దగ్గరపడింది. విశ్వవిద్యాలయంలో ఆమె పరిశోధన పర్యవేక్షకుని ఒత్తిడి మీద ఆమె సిద్ధాంత గ్రంథాన్ని అప్పటికే అట్టకట్టించింది. దాని శీర్షికలో సేంద్రియ అయాన్ల విసరణం, అంటే అవి చోటు మారుతూ వ్యాపించడం, ఉంది. దాని ప్రధాన అధ్యాయమంతా ఆ సూది మీదే నిలబడి ఉంది. ఆ అట్టల్లోపల తప్పుందా లేదా అన్నది తేల్చడానికి మిగిలింది కొద్ది వారాలు.

భారజలం తరువాత తీసిన కాగితం ఆమె నా బల్ల మీద పెట్టింది. దిబ్బ ఉంది. సూది లేదు.

నేను అలాంటప్పుడు గెలిచినట్టు భావించే మనిషిని కానని చెప్పుకోవాలని ఉంది గాని, దానికి సాక్ష్యం లేదు. ఆమె మాత్రం "తమ్మీ, నీళ్ళే," అన్నది. అంతే. ఎడమచేతి సుద్దపొడిని చీర మీద తుడుచుకుని, పీరియడ్ ఉందని వెళ్ళిపోయింది. గోడ అవతల నుంచి ఆమె పాఠం వినపడింది. స్వరంలో ఏ తేడా లేదు.

పర్యవేక్షకుడు ఉన్నది ఉన్నట్టే సమర్పించమన్నాడు. వైవాలో ఎవరైనా అడిగితే అప్పుడు చూసుకోవచ్చన్నాడు. నేను కొంచెం మర్యాదైన దారి వెదికాను. అధ్యాయానికి ఒక సవరణ పుట జత చేద్దామన్నాను. శీర్షిక కూడా నిజానికి తప్పు కాదని వాదించాను. విసరణం మీద అధ్యయనం అన్నాం. విసరణం లేదని తేలడం కూడా ఆ అధ్యయనపు ఫలితమే.

"లేనిదాని మీద అధ్యయనమా సార్? గట్లయితె దయ్యాల మీద గూడ పుస్తకం రాసుకోవచ్చు."

"తర్కం సరిగానే ఉంది మేడం."

"తర్కం మంచిగనే ఉన్నది. బుక్కు మంచిగ లేదు."

అయితే ఆమె అక్కడ ఆగి ఉంటే, నిజాయితీపరురాలు అని రాసి ఈ పుట ముగించేవాణ్ణి. అలాంటివారు లోకంలో కొందరు ఉంటారు. ఆమె సూదిని వదిలేసి దిబ్బను చూడడం మొదలుపెట్టింది.

అప్పటిదాకా దిబ్బను మేమెవ్వరం పట్టించుకోలేదు. దిబ్బ అంటే కదలనిది, కదలనిదాని గురించి చెప్పడానికి ఏముంటుంది? ఆమె కాగితం తిప్పి వెనుక లెక్క వేసింది. అయాను పూర్తిగా గడ్డకట్టినట్టు ఉంటే గీత ఇంత వెడల్పు ఉండాలి. ఉన్నది అంత లేదు. బాగా తక్కువ ఉంది. నేను ఆ లెక్కను వేరుగా చేసి చూశాను, ఆమె కాగితం చూడకుండా. అదే అంకె వచ్చింది.

ఆ సాయంత్రం ఎల్లారెడ్డి బస్సులో నిలబడడానికి కూడా చోటు లేదు. కండక్టరు గొంతు చించుకుంటోంది: "ముంగటికి కదులుండ్రి! కదులుండ్రమ్మా!" మా వెనుక గంపతో ఇరుక్కున్న ఒక రైతుకూలి కండక్టరు మీద ఎగిరిపడింది. "యాడికి కదలమంటవు నీ నెత్తి మీదికా? మెదలనీకే జాగ లేకపాయె!"

"జాగ లేకుంటెనే గింత మెదులుతున్నవు, ఉంటె ఏం చేద్దువో," అన్నది కండక్టరు. బస్సు గొల్లుమంది.

నా పక్కన ఆమె నవ్వలేదు. నా మోచెయ్యి పట్టుకుంది.

"విన్నవా తమ్మీ? కదులుడు వేరు. మెదులుడు వేరు."

"అంటే?"

"కదులుడంటె ఉన్న జాగ ఇడిచి ఇంకో జాగకు పోవుడు. మెదులుడంటె ఉన్న కాడనే మసులుడు. మనం బుక్కు నిండ ఏం రాసినం? మోషన్, మోషన్, మోషన్. రెండింటికి ఒకటే మాట. గవి కదుల్తలెవ్వు. గానీ మెదులుతున్నయేమో!"

బస్సుతో పోలిక కుదరదని నేను వెంటనే అన్నాను. బస్సులో వేడి పెరిగితే మనుషులు మెదలడం తగ్గిస్తారు, అణువులు పెంచుతాయి. ఆమె ఒప్పుకుంది. భాషలో ఉన్న తేడా ప్రకృతిలో ఉన్నదనడానికి రుజువు కాదని కూడా అన్నాను. అదీ ఒప్పుకుంది. కానీ కలిసిపోయి ఉన్న ఒక ప్రశ్న ఆ ఇరుకులో రెండుగా విడిపోయింది. విడిపోవడం నేను విన్నాను. అయాను తన చోటు విడవదు, కానీ ఉన్నచోటనే తన ఇరుసు మీద తిరుగుతుంది, చేతులు ఆడిస్తుంది. అలా అయితే దిబ్బ పూర్తిగా సన్నబడదు, కొంత తగ్గుతుంది. ఉన్న అంకె సరిగ్గా దానికి సరిపోతుంది.

సరిపోవడం చాలదు. నిజంగా మెదులుతూ ఉంటే, ద్రవ నైట్రోజనుతో చల్లబరచినప్పుడు ఆ మెదలిక ఆగాలి. దిబ్బ ఆమె లెక్క చెప్పినంత వెడల్పుకు విప్పారాలి. అంత చలిలోనూ చేతుల కొసలు పూర్తిగా ఆగవు; ఆ మేరకు ఆమె లెక్కలో ముందే తగ్గించి రాసుకుంది. ముందే రాసుకోవడం ముఖ్యం. కొలిచాక లెక్క కుదిర్చేవాళ్ళను నేను చాలామందిని చూశాను.

యంత్రం దొరికిన రోజు, గ్రంథ సమర్పణకు ఆఖరి రోజు ఒకటే అయ్యాయి. సమర్పణ కార్యాలయం అదే ప్రాంగణంలో, రెండు భవనాల అవతల. పర్యవేక్షకుని తృప్తి కోసం అట్టకట్టిన ప్రతులను కూడా తీసుకొచ్చాం. ఆ సంచీ నా దగ్గర ఉంది. ఆమె సంతకాలన్నీ అయ్యాయి. ఎవరైనా వెళ్ళి ఇచ్చి రావడమే మిగిలింది.

మధ్యాహ్నం యంత్రం మెల్లగా చల్లబడుతుండగా అడిగాను. "మేడం, ఇది ఎలాగూ సమయం పడుతుంది. నేను పోయి ఇచ్చి రానా? తరువాత సవరించుకోవచ్చు."

ఆమె తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

"అండ్ల ఉన్నది మొన్నటి దాంక తప్పు తమ్మీ. ఇయ్యాల ఇస్తె అబద్ధమైతది."

"ఇవ్వకపోతే డాక్టరేటు పోతుంది. మళ్ళీ నమోదు ఇవ్వరు."

"తెల్వదా నాకు?" అన్నది, మొదటిసారి కసురుకున్నట్టు. ఆ గొంతులో అంతవరకు నేను వినని నొప్పి ఉంది. ఆమెకు ఆ బిరుదు అక్కర్లేదని అనుకునేవాళ్ళ కోసం ఈ మాట రాస్తున్నాను. ఆమెకు అది చాలా కావాలి. ఎల్లారెడ్డిలో కూలిపనికి పోయే ఇంట పుట్టి, చర్చి బడిలో అక్షరాలు దిద్ది, అంతదాకా వచ్చిన మనిషి. కావలసినదాన్ని వదులుకుంటున్నానని తెలిసే కూర్చుంది.

యంత్రం నడిపే యువకుడు తెరను మా వైపు తిప్పాడు. చలి పెరిగిన కొద్దీ దిబ్బ ఒంగుతూ, పరచుకుంటూ, పక్కలకు జారుతూ విప్పారింది. ఒకచోట ఆగింది. ఆమె ముందే రాసిపెట్టుకున్న వెడల్పు దగ్గర, కొలత పొరపాటు అనదగిన తేడాలోపల. నా జీవితంలో ఎన్నో గ్రాఫులు చూశాను. ఊపిరి బిగబట్టి చూసినది అదొక్కటే. మా ముందున్న ఆ గొట్టంలో, ఏ కన్నూ చేరని చీకటి సందుల్లో, లెక్కకు అందనన్ని అయాన్లు ఒక్కటొక్కటిగా సద్దుమణుగుతున్నాయి. ఆ సంగతి కామారెడ్డి బస్సులో వచ్చిన ఒక ఆమెకు ముందే తెలుసు.

"అయిపోయినట్టేనా మేడం?" అన్నాడు యువకుడు.

కిటికీ బయట ఎండ వాలుతోంది. నేను సంచీ భుజానికి తగిలించుకున్నాను. ఇప్పుడైనా పరుగెత్తితే కార్యాలయం మూసేలోపల చేరవచ్చు. కాని నా నోట ఇంకో మాట కూడా ఉంది. ఒక్కసారి వచ్చిన ఫలితానికి నేను ఎన్నడూ తల ఊపలేదు. వేడి చేస్తే దిబ్బ తిరిగి ఇరుకు కావాలి. మళ్ళీ చల్లబరిస్తే మళ్ళీ విప్పారాలి. అది చూడకుండా ఎలా? అదెలా అడగడం, ఆ పూట, ఆమెను?

ఆమె నా మొహం చూసి నవ్వింది.

"నోట్లె పెట్టుకున్నది కక్కు సార్. ఇంకోసారి అంటవు. అంతే గద?"

ఆమె తెర వైపు తిరిగింది.

"బాబూ, వేడి కానియ్యి మెల్లగ. మల్ల సల్లగ చేద్దాం," అన్నదామె యువకునితో. "మీ సార్ కాదంటె నేను చెప్పుకుంట."

సంచీ దించి గోడకు ఆనించాను. ఆమె పక్కకు కుర్చీ లాక్కున్నాను. వేడి ఎక్కసాగింది. దిబ్బ అంచులు నెమ్మదిగా లోపలికి ముడుచుకున్నాయి. అవి లేస్తున్నాయి. ఉన్న తావు వీసమంత విడవకుండా, ఎవరి ఇరుకులో వారు, మళ్ళీ తిరగడం మొదలుపెడుతున్నాయి. తరువాత రెండోసారి చలి. రెండోసారి అదే విప్పారడం, అదే వెడల్పు, అదే చోట ఆగడం. ఆ రెండు గీతలను ఒకదానిపై ఒకటి వేయించి చూశాను. సందు దొరకలేదు.

బయట కార్యాలయాల తలుపులు మూస్తున్న చప్పుళ్ళు వినపడ్డాయి. ఆమె పేరు ముందు డాక్టర్ అన్న మాట ఎప్పుడూ చేరలేదు. ఆ సాయంత్రమే అది తేలిపోయిందని మా ఇద్దరికీ తెలుసు.

"ఇగ ఏమన్న ఉన్నదా సార్, అడిగేది?"

వెదికాను. నిజంగానే వెదికాను.

"లేదు మేడం," అన్నాను.

"అయితె లే తమ్మీ, పోదాం. పొద్దుగాల తిన్నది. ఆకలైతున్నది," అన్నదామె, లేచి చీర దులుపుకుంటూ.